సీ భాషలో హెక్సా సంఖ్య చదవాలంటే ఇంత తతంగమా!

వాడుకరి టైపు చేసిన హెక్సాడెసిమల్ (0-9, ఎ-ఎఫ్ అంకెలతో రాసే 16 ఆధారిత) సంఖ్యను చదవడానికి పాఠ్యపుస్తకాలు ఇన్‌పుట్ చదివే స్కాన్‌ఎఫ్ ఫంక్షన్‌లో శాతం గుర్తు పక్కన ఎక్స్ పెట్టి చేతులు దులుపుకుంటాయి. వాడుకరి 1జి2 అని కొట్టాడనుకోండి. స్కాన్‌ఎఫ్ ఆ 1ని మింగేసి, ఒక విలువ చక్కగా చదివానని చెబుతుంది. జి హెక్సా అంకె కాదు కాబట్టి మిగిలిన జి2 బఫర్‌లోనే (ఇన్‌పుట్ వేచి ఉండే చోటే) తిష్ఠ వేస్తుంది. దాన్ని ఖాళీ చేయకుండా లూపులో మళ్ళీ చదవబోతే ప్రతిసారీ ఆ జి దగ్గరే చతికిలబడుతుంది. ఎక్స్ బదులు ఐ పెడితే ఇంకో తంటా: ముందు సున్నా ఉందని 010ని ఆక్టల్ (8 ఆధారిత) సంఖ్య అనుకుని 8గా లెక్కగడుతుంది.

సరే, ఎఫ్‌గెట్స్‌తో వరుస మొత్తం తీసుకుని, అక్షరాలను అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ లేని పూర్ణాంక టైపు) సంఖ్యగా మార్చే స్ట్ర్‌టూయూఎల్‌కు అప్పగిద్దామంటే దానికీ సవాలక్ష మర్యాదలు. అంకె ఒక్కటీ లేకపోయినా 0, నిజంగా 0 ఇచ్చినా 0. తేడా తెలియాలంటే ఎండ్ పాయింటర్ (చదవడం ఆగిన చోటును చూపేది) ఎక్కడ ఆగిందో చూడాలి. పరిమితి దాటిందో లేదో తెలియాలంటే పిలిచే ముందే ఎర్‌నోను (తప్పు సంకేతం నమోదయ్యే చలరాశిని) మనమే సున్నా చేసి పెట్టాలి. ఇదంతా భరించవచ్చు. కానీ పేరులోనే అన్‌సైన్డ్ అని చాటుకునే ఫంక్షన్ -1ని కిమ్మనకుండా పుచ్చుకుని, ఆ టైపులో పట్టే అతి పెద్ద సంఖ్యను చేతిలో పెట్టడం ఏమిటి? తప్పని చెప్పదు, ఎర్‌నోను తాకదు. మైనస్ గుర్తు ఉందేమో ముందుగా మనమే వెతుక్కోవాలట! పైగా అన్‌సైన్డ్ లాంగ్ 64 బిట్ల లినక్స్‌లో 64 బిట్లు, విండోస్‌లో 32. వరుసగా తొమ్మిది ఎఫ్‌లు కొడితే ఒకచోట చెల్లుతుంది, ఇంకోచోట చెల్లదు.