ప్రత్యేక ప్రవేశ దూషణం

తిరుపతివాడికి పాసుల గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. పదేళ్లుగా పలకరించని బంధువు ఫోన్ చేసి, మొదట మన బీపీ, తర్వాత పిల్లల చదువు కనుక్కుని, చివరికి 'బ్రేక్ దర్శనానికి లెటరేమైనా దొరుకుతుందా' అనే ఊరు మాది. అలాంటి ఊళ్లో ఇంతకాలం ఉండి, నేనెరగని పాస్ ఒకటుందని మొన్న బాలాజీ కాలనీలో టీ తాగుతుంటే తెలిసింది.

పక్క బెంచీ మీద ఆరుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్లు. మాటకు ముందొకసారి, వెనకొకసారి ఒకణ్ణొకడు 'ఆ మాట'తో పిలుచుకుంటున్నారు. ఇంగ్లీషులో 'ఎన్' అక్షరంతో మొదలయ్యే మాట, ఏదో మీకు తెలుసు. అమెరికాలో నల్లవాళ్లను సంతలో పశువుల్లా అమ్మిన రోజుల్నుంచి వాళ్ల మొహాన విసిరిన మాట. ర్యాప్ పాటల్లోంచి రీల్స్‌లోకి, రీల్స్‌లోంచి మా టీకొట్టుకి దిగింది. 'రేయ్, రికార్డు రాశావా' అన్నప్పుడు 'రేయ్' ఉండాల్సిన చోట ఇప్పుడది ఉంటోంది. ఉండబట్టలేక, "ఏం నాయనా, అది తప్పు మాట గదా?" అన్నాను. వాళ్లలో గడ్డమున్న అబ్బాయి నా మీద జాలిపడ్డాడు.

"పర్లేదు అంకుల్. మాకు పాస్ ఉంది."

ఆ మాట ఎవరిని తిట్టడానికి పుట్టిందో ఆ జాతివాడొకడు 'సరే, అనుకోపో' అంటే చాలట, ఇక జన్మంతా అనుకోవచ్చట. మీకెవరిచ్చారయ్యా అంటే, అందరూ బెంచీ చివర కూర్చున్న అబ్బాయిని చూపించారు. "వీడే. మా గ్యాంగులో వీడే నలుపు." ఆ అబ్బాయిది పుత్తూరు. వాళ్ల వంశంలో ఎవరైనా పొరుగు దేశం పోయి ఉంటే, అది తిరుత్తణి. అతను నవ్వాడు. అందరూ నవ్వేశాక, కాస్త ఆలస్యంగా నవ్వాడు.

ఇంత గిరాకీ ఉన్న పాస్ ఇలా చెట్టుకింద చేతులు మారడం ఊరికి మంచిది కాదు. రేపు దళారులు దూరతారు. కాబట్టి విష్ణు నివాసం, శ్రీనివాసం, అలిపిరి భూదేవి కాంప్లెక్సుల్లో దర్శనం టోకెన్లిచ్చే కిటికీల పక్కనే ఇంకో కిటికీ తెరవాలని మనవి. సర్వ దూషణం ఉచితం. హాస్టల్ గదిలో తలుపేసుకుని, స్నేహితుల్ని మాత్రమే అనాలి. ప్రత్యేక ప్రవేశ దూషణం 300 రూపాయలు. వాట్సాప్ గ్రూపుల్లో చెల్లుతుంది, మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు, సర్వర్ మొరాయిస్తుంది. 10,000 విరాళమిచ్చినవాళ్లకు బ్రేక్ దూషణం. ముక్కూమొహం తెలియనివాళ్లను కూడా ఇన్‌స్టాగ్రామ్ కామెంట్లలో అనొచ్చు. సిఫారసు లేఖలూ తీసుకుంటారు: 'ఈ లేఖ తెచ్చు ఆరుగురు నాకు బాగా తెలిసినవారు, వీరి మనసులో ఏమీ లేదు, కావున అనుమతించగలరు.' సంప్రదాయ దుస్తులు తప్పనిసరి, అంటే వెనక్కి తిప్పిన టోపీ.

కిటికీలో గుమాస్తా ఒకే ప్రశ్న అడుగుతాడు. "ఆ మాటకు అర్థం తెలుసా?"

"తెలీదు సార్."

"తెలీకుండా అనేవాళ్లది కుడి క్యూ. తెలిసి అనేవాళ్లది ఎడమ క్యూ."

"రెండూ ఎక్కడికి పోతాయి సార్?"

"లోపల ఒకటే అయిపోతాయి. జరుగు, జరుగు."

బయటికొచ్చేటప్పుడు ఒక చిన్న లడ్డు ఉచితం. అన్నవాడికి కాదు, అనిపించుకున్నవాడికి. నోట్లో లడ్డు ఉంటే తిరిగి మాట్లాడలేడు గదా.

నేను బూతులకు వ్యతిరేకిని కానండీ. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బొగ్గు పూసుకుని, కుంకుమ పూసుకుని, వేపమండలు పట్టుకుని జనం నోరారా తిట్టే ఊరు మాది. కానీ దానికో వారముంది, వేషముంది, వినడానికి అమ్మవారుంది. వేషం కడిగేశాక అదే మాట పక్కింటాయన్ని అంటే పళ్లు రాలతాయి. ఆ తేడా మా ఊళ్లో ఐదేళ్ల పిల్లాడికి తెలుసు.

'నల్లవాళ్లే ఒకర్నొకరు అనుకుంటారు కదా అంకుల్' అన్నాడు గడ్డం. వాళ్లే అనుకుంటారు, నిజమే. మా నాయన నన్ను 'గాడిద కొడకా' అనేవాడు. చూశారా, ఆ తిట్టులో తన వాటా తను తీసుకునేవాడు. నువ్వేం వాటా తీసుకున్నావురా అబ్బీ? పైగా వాళ్లందరికీ అది ముద్దుమాటేమీ కాదు. 2007 జూలైలో డెట్రాయిట్‌లో, అక్కడి నల్లవాళ్ల పాత హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ, ఆ మాటను శవపేటికలో పెట్టి గుర్రబ్బండి మీద ఊరేగించి అంత్యక్రియలు చేసింది. వాళ్లు పాతిపెట్టినదాన్ని తవ్వి, ఇక్కడ టీలో ముంచుకుని తింటున్నారు మనవాళ్లు.

ఇక 'ప్రేమతో అంటాం' ఒకటి. హైదరాబాద్ ఐపీఎల్ జట్టులో ఆడిన వెస్టిండీస్ క్రికెటర్ డారెన్ సామీని తోటివాళ్లు 'కాలూ' (హిందీలో నల్లోడు) అని పిలిస్తే, బలవంతుడని మెచ్చుకుంటున్నారనుకుని ఆయనా మురిసిపోయాడు. అర్థం తెలిసింది 2020లో. నిలదీస్తే వచ్చిన జవాబు, ప్రేమతోనే అన్నామని. ఆర్నెల్లు తిరిగాయో లేదో, 2021 జనవరిలో సిడ్నీలో మన సిరాజ్‌ను ప్రేక్షకులు జాతి పేరుతో తిట్టారు, ఆట ఆగింది, ఆరుగుర్ని స్టేడియం నుంచి గెంటారు. ఆ రోజు ఇదే బెంచీ మీద రక్తాలు మరిగాయి. 'పాపం, ప్రేమతో అన్నారేమో' అని ఒక్కడూ అనలేదు.

మన ఊళ్లో కులం పేరుతో పెట్టిన తిట్లున్నాయి. ఈ ఆరుగుర్లో ఒక్కడైనా అవి టీకొట్టు దగ్గర గట్టిగా అంటాడా? అనడు. 1989 చట్టముంది, కేసవుతుంది. నాలుక అదుపులో పెట్టుకోవడం చేతకాక కాదు, మరి. ఎక్కడ వదలొచ్చో లెక్క తెలుసు.

నాకు ఒళ్లు మండేది అక్కడ కూడా కాదు. ఈ గడ్డం కుర్రాడి పెదనాన్న కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు. రెండేళ్లలో వీడూ పోతాడట. పోయినవాళ్లు ఫోన్లో ఏం చెబుతారో మనం వినలేదా? 'నల్లోళ్ల ఏరియాలో మాత్రం ఇల్లు తీసుకోవద్దు.' ఒరే నాయనా, 1946 చట్టం ప్రకారం అమెరికా మన దేశానికిచ్చిన కోటా ఎంతో తెలుసా? ఏడాదికి 100 మంది. దేశం మొత్తానికి 100 టోకెన్లు! కొండకు ఒక బస్సు రెండు ట్రిప్పులు కొడితే అయిపోయే జనం. ఆ గేటు తెరుచుకుంది 1965 వలస చట్టంతో. జాతిని బట్టి మనిషిని తూచడం సిగ్గుచేటని ఆ దేశానికి తెలిసొచ్చింది ఊరికే కాదు. నల్లవాళ్లు బస్సులు మానేసి నడిచారు, జైళ్లు నింపారు, అదే ఏడాది మార్చిలో అలబామా రాష్ట్రంలోని సెల్మా వంతెన మీద పోలీసుల లాఠీలకు తలలు పగలగొట్టుకున్నారు. మీ అన్న వీసాకు సిఫారసు లేఖ రాసింది వాళ్లు, రక్తంతో రాశారు. ఆ ఇంటి గుమ్మంలో నిలబడి, ఆ ఇంటివాళ్లనే అనడానికి నీకు ఇంకో పాస్ కావాలా? సిగ్గులేదూ?

గట్టిగానే అరిచినట్టున్నాను. టీకొట్టాయన గ్లాసు తీసేసుకున్నాడు.

నిన్న ఆ పుత్తూరు అబ్బాయి ఒక్కడే కనబడ్డాడు. పేరడిగాను. అమ్మానాన్నలు పెట్టింది కొండమీద స్వామి పేరే. నల్లరాతి స్వామిని రెండు క్షణాలు చూడడానికి ఇరవై గంటలు నిలబడే ఊళ్లో, ఆ పేరుతో ఇతన్ని ఎవరూ పిలవరు.

"అందరికీ నువ్వే పాస్ ఇచ్చావంట?"

"ఏం పాస్ సార్? అడిగినప్పుడు నవ్వినా, అంతే. నవ్వకపోతే ఇంకో పేరు పెడతారు గదా."

రోడ్డవతల బైకాపి ఎవరో ఆ మాటతో కేకేశారు. అతను టీ సగంలో వదిలేసి, "వస్తా సార్" అని లేచాడు.