ల్యాబ్ ఉంది, చెప్పేవాళ్లేరి?
ప్రభుత్వ హైస్కూళ్లలో కంప్యూటర్ చదువు వెనకబడడానికి పరికరాలు చాలకపోవడమే కారణమని కొందరు అంటుంటారు, నేనైతే ఒప్పుకోను. 2004లో కేంద్రం స్కూళ్లలో కంప్యూటర్ చదువు కోసం ఐసీటీ పథకం మొదలుపెట్టాక ఉమ్మడి రాష్ట్రంలో వేల స్కూళ్లకు కంప్యూటర్లు వచ్చాయి, వాటిని పెట్టడం, నడపడం, పాఠం చెప్పే మనిషిని ఇవ్వడం అన్నీ ప్రైవేటు ఏజెన్సీలకే ఐదేళ్ల కాంట్రాక్టు. గడువు తీరింది, ఇన్‌స్ట్రక్టర్లు ఇంటికి, ల్యాబ్‌కు తాళం. మా ఊరి స్కూల్లో ఆ గది ఇప్పుడు స్టోర్ రూమే, యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయి, మానిటర్ల మీద పాత ప్రశ్నపత్రాల కట్టలు. పోనీ అది పాత కథ అనుకుందాం, 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు కదా, మా అన్నయ్య కొడుక్కీ వచ్చింది, వాడు వీడియో పాఠాలు చూసిన మాట నిజమే (క్రికెట్ కూడా చూశాడనుకోండి), కానీ ఒక ఫైల్ సేవ్ చేయడం, ఎక్సెల్‌లో మార్కులు కూడడం ఎవరూ నేర్పలేదు, ఎందుకంటే వాడి స్కూల్లో దానికంటూ మాస్టారే లేరు. లెక్కల మాస్టారినే చూసుకోమన్నారట, ఆయనకేమో స్కూలు బాత్రూమ్‌ల శుభ్రత చూపే ఫొటోలు, మధ్యాహ్న భోజనం లెక్కలు యాప్‌లో ఎక్కించడంతోనే సరిపోయేది. ముందు డీఎస్సీలో కంప్యూటర్ టీచర్ పోస్టులు వేయమనండి, క్లాసుల్లో పెట్టే కొత్త డిజిటల్ ప్యానెళ్ల (పెద్ద టచ్ స్క్రీన్‌ల) సంగతి తర్వాత చూద్దాం.