మెదడు కరెంటుతో బల్బు వెలగదు, అది నరం నుంచి నరానికి దూకదు

మా బంధువుల గ్రూపులో నెలకోసారైనా తిరిగొచ్చే మెసేజ్ ఒకటుంది. సారాంశం ఇది: మన మెదడు 20 వాట్ల కరెంటు తయారుచేస్తుంది, దాంతో బల్బు వెలిగించొచ్చు. నరాలు ఆ కరెంటును మోసే వైర్లు. ఒక నాడీకణం నుంచి ఇంకోదానికి అది నిప్పురవ్వలా దూకుతుంది. కరెంటు తగ్గితే నరాల వీక్నెస్. రాగి కడియం పెట్టుకుంటే మళ్లీ పుంజుకుంటుంది.

పంపినవాళ్లది మంచి ఉద్దేశమే. కానీ ఒక్కో ముక్కా తీసి చూస్తే నిలబడేది చాలా తక్కువ.

ముందు బల్బు సంగతి. 20 వాట్లన్న అంకె తప్పు కాదు, దాని అర్థమే తలకిందులైంది. అది మెదడు తినే శక్తి. గ్లూకోజు, ఆక్సిజన్ వాడుకుని సుమారు అంత ఖర్చుపెడుతుంది. ఫ్రిజ్ 100 వాట్లు లాగుతుందంటే దానికి వైరు తగిలించి ఫ్యాను తిప్పుకోవచ్చని కాదుగదా.

ఇక వైర్లు. రాగితీగలో కదిలేవి ఎలక్ట్రాన్లు. నాడీకణంలో కదిలేవి ఉప్పునీటిలో ఉండే అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కణం పొరకు లోపలివైపు, బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టుల మేర రుణంగా ఉంటుంది. బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టడానికి పొరలోని పంపులు విడతకు 3 సోడియంలను బయటికి తోసి 2 పొటాషియంలను లోపలికి లాగుతుంటాయి. మెదడు ఖర్చులో పెద్ద వాటా ఈ పనికే పోతుంది. సంకేతం వచ్చినచోట సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి, మిల్లీసెకండు పాటు లోపలివైపు ధనంగా మారుతుంది, ఆ మార్పుకు పక్క ద్వారాలు తెరుచుకుంటాయి. తిరుమల క్యూలో వెనకనుంచి తోపు వచ్చినట్టన్నమాట: ఒక్కో మనిషి కదిలేది అరడుగే, తోపు మాత్రం కంపార్ట్‌మెంట్ చివరిదాకా పాకుతుంది. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడీతంతువు మీద ఈ సంకేతం ఎలా సాగుతుందో లెక్కగట్టి చూపించారు. మన నరాల్లో బాగా వేగమైనవాటిలోనూ సంకేతం సెకనుకు 120 మీటర్లకు కాస్త అటూఇటూ. కరెంటు తీగలో అయితే సెకనుకు లక్ష కిలోమీటర్లు దాటుతుంది.

అసలు తప్పు నిప్పురవ్వ దగ్గరుంది. రెండు నాడీకణాలు కలిసేచోట, అంటే సినాప్స్ దగ్గర, మధ్యలో 20 నానోమీటర్ల పైచిలుకు ఖాళీ ఉంటుంది. మొదటి కణంలోని విద్యుత్ మార్పు ఆ గట్టు దగ్గర ఆగిపోతుంది. అవతలికి పోయేది రసాయనం. 1921లో ఒట్టో లోవి అనే శాస్త్రవేత్త రెండు కప్పల గుండెలు తీసుకున్నాడు. ఒకదానికున్న వేగస్ నరాన్ని ప్రేరేపిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు పోస్తే అదీ నెమ్మదించింది. రెండిటికీ మధ్య నరం లేదు, తీగ లేదు. పోసింది నీళ్లలాంటి ద్రవం. ఆ ద్రవంలో పనిచేసిన రసాయనం ఎసిటైల్‌కోలిన్.

కండరానికి వచ్చే నరం చివర ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. సంకేతం చివరికి రాగానే పొరలో కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. లోపలికంటే బయట కాల్షియం దాదాపు పదివేల రెట్లు ఎక్కువ కాబట్టి దూసుకొస్తుంది. దాంతో ఎసిటైల్‌కోలిన్ నింపుకుని గట్టునే కాచుకున్న బుడగలు పొరలో కలిసిపోయి, సరుకును బయటికి ఒలకబోస్తాయి. అంటే ఆ క్షణం బుడగ గోడ కూడా కణం పొరలో భాగమైపోతుంది. తర్వాత కణం ఆ మేరకు పొరను మళ్లీ లోపలికి లాక్కుని కొత్త బుడగలు చేసుకుంటుంది. అవతల ఒక్కో గ్రాహకానికి (ఆ రసాయనాన్ని పట్టుకునే ప్రొటీనుకు) రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులు అతుక్కుంటే దాని మధ్య దారి తెరుచుకుంటుంది, సోడియం లోపలికి పోయి కండరం పొరలో కొత్తగా విద్యుత్ మార్పు మొదలవుతుంది. మొదటి కణం కరెంటు ఒక్క చుక్క కూడా ఇటు రాలేదు. ఇదంతా అయ్యేది మిల్లీసెకండు లోపే, అందుకే దూకినట్టు అనిపిస్తుంది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. నేరుగా అయాన్లు దాటే విద్యుత్ సినాప్స్‌లూ ఉన్నాయి. అక్కడ రెండు పొరలూ 3, 4 నానోమీటర్ల దూరంలో గొట్టాలతో కలిసి ఉంటాయి. అక్కడ కూడా రవ్వ ఎగరదు.

సంకేతం ఎంత ఎక్కువైతే అంత మంచిదనీ కాదు. గాబా అనే రసాయనం చాలాచోట్ల క్లోరైడ్ దారులు తెరిచి, అవతలి కణాన్ని స్పందించకుండా ఆపుతుంది. ఈ బ్రేకు ఫెయిలైతే వచ్చేవాటిలో ఫిట్స్ ఒకటి.

చివరిగా, కరెంటు తగ్గితే వీక్నెస్ అన్నమాట. నాడీ సంకేతం ఆరోగ్యమైన పొరలో వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే లేదు, డిమ్ లైటులా సగం ఉండదు. తిమ్మిర్లకు షుగరు, బి12 లోపం లాంటి అసలు కారణాలుంటాయి, కడియం వాటి జోలికే పోదు. నరంలో సంకేతం నిక్షేపంగా ఉండి కూడా మనిషి కదలలేని స్థితి చూడాలంటే కట్లపాము కాటు చూడాలి. ఈ పాముల ప్రజాతి పేరు బంగారస్ మన తెలుగు 'బంగారం' నుంచే పోయింది. దీని విషంలో ఒక భాగం నరం చివరనున్న పొరనే దెబ్బతీసి, బుడగల్ని ఖాళీచేస్తుంది. సంకేతం చివరిదాకా వస్తుంది, పంపడానికి సరుకుండదు. నాగుపాము విషం ప్రధానంగా అవతలి గట్టున గ్రాహకాలను మూసేస్తుంది, అందుకే ఎసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా ఆపే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్‌తో కొందరు త్వరగా తేరుకుంటారు. కట్లపాము కాటుకు అది అంతగా పనిచేయదు. నరాల చివర్లు మళ్లీ బాగుపడేదాకా రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉండాల్సి రావచ్చు.

పైగా ఈ పాము ఎక్కువగా రాత్రిపూట, నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిపోయిన కనురెప్పలు, ముద్దగా వచ్చే మాట. అలాంటి మనిషికి నరాల వీక్నెస్ అని టాబ్లెట్ వేసి పడుకోబెట్టకండి, వెంటనే వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.