సవరణ: విద్యుత్ కారు ఖర్చు, లొకేషన్ సమాచారం

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు మనవాళ్ల కోసం విద్యుత్ కార్ల గురించి మొన్న పెట్టిన పోస్టులో 'కిలోమీటరుకు రూపాయి చాలు' అని ఉంది. ఆ లెక్క ఇంట్లో చార్జింగ్ పెట్టుకునేవారికే. బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ ధర ఎక్కువ, పైగా 18 శాతం జీఎస్టీ. కోరాపుట్ ఘాటీ ఎక్కితే కరెంటు ఇంకా లాగుతుంది.

అసలు ముఖ్యమైనది రెండో సవరణ. ఫోన్‌లో కారు కంపెనీ యాప్ తీసేస్తే కారు లొకేషన్ కంపెనీకి వెళ్లడం ఆగిపోతుందన్న మాట సరికాదు. కనెక్టెడ్ కార్లకు, అంటే ఇంటర్నెట్‌తో కలిసి ఉండే కార్లకు, సొంత సిమ్ ఉంటుంది. ఫోన్ ఇంట్లో వదిలేసినా సమాచారం కంపెనీ సర్వర్‌కు చేరుతుంది. అనుమతులు కారు స్క్రీన్‌లోనే చూసుకోవాలి. కారు అమ్మేటప్పుడు యాప్‌లోని మీ ఖాతా నుంచి బండిని తొలగించి, కారు స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ (మీ సమాచారమంతా చెరిపేయడం) చేయండి. లేదంటే కొన్నవాళ్లు ఎక్కడ తిరుగుతున్నారో మీ ఫోన్‌లో కనిపిస్తూనే ఉండవచ్చు. అది వాళ్లకు అన్యాయం.