సరళీలు ముందా, పాట ముందా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద జరిగిన వాదన ఇది. పెద్దమ్మ ముప్పయ్యేళ్ళుగా ఇంట్లో సంగీతం చెబుతోంది. తమ్ముడు ప్రైమరీ బళ్ళో మాస్టారు. శనివారం చివరి పీరియడు సంగీతానికి దొరికింది. మూడో తరగతి, నలభై మంది. ఇంట్లో మాట్లాడేది కొందరిది తెలుగు, కొందరిది ఒడియా, కొందరిది సవర అనే గిరిజన భాష. ముందు సరళీలు (స రి గ మ ల తొలి పాఠాలు) నేర్పాలా, పాట నేర్పాలా అన్నదే తగువు. నన్ను మధ్యవర్తి అన్నారు గానీ ఒక్కమాటైనా అడగలేదు.

పెద్దమ్మ: ఇందులో తగువేముందిరా? సరళీ వరసలు. మాయామాళవగౌళ రాగం, ఆదితాళం, మూడు కాలాలు, అంటే మూడు వేగాలు. కర్ణాటక సంగీతానికి పురందరదాసు వేసిన దారి ఉండగా కొత్త దారెందుకు?

తమ్ముడు: ఎనిమిదేళ్ళ గుంటలకి రాగం, స్వరం పేరు, తాళం మూడూ ఒక్కసారే నెత్తినెడితే ఎలా పెద్దమ్మా? మొన్న "గొంతు పెంచండి" అన్నాను. నలభై మందీ అరిచారు.

పెద్దమ్మ: తప్పు వాళ్ళది కాదు, నీ మాటది. పెంచమంటే అరవక ఏం చేస్తారు? పై షడ్జం, అదే పై స, మెల్లిగా, గుసగుసలాగా పాడి చూపించు. కింది షడ్జం గట్టిగా పాడు. హెచ్చుస్థాయి వేరు, బిగ్గర వేరు అని వాళ్ళకే తెలుస్తుంది.

తమ్ముడు: నేననేదీ అదే. ముందు చెవికి, తర్వాత పేరు. హంగరీలో జోల్తాన్ కొడాయ్ అనే సంగీతకారుడు బడిపిల్లలకి వాళ్ళ పల్లెపాటలతోనే మొదలెట్టించాడు. స్వరానికో చేతి గుర్తు కూడా ఉంది. మన స అనుకో, నడుం దగ్గర పిడికిలి. స్వరం ఎక్కేకొద్దీ చెయ్యీ ఎక్కుతుంది.

పెద్దమ్మ: చెయ్యి స్వరానికిచ్చేస్తే తాళం ఎవడేస్తాడు?

(ఇక్కడ వాడు కాసేపు నీళ్ళు నమిలాడు. పెద్దమ్మ వక్క నోట్లో వేసుకుంది.)

తమ్ముడు: కాళ్ళు! నాలుగడుగులు నడిస్తే లఘువు, ఆదితాళంలో మొదటి నాలుగు. ఆగి చప్పట్టు, చెయ్యి తిప్పడం. మళ్ళీ చప్పట్టు, తిప్పడం. అవి రెండు ద్రుతాలు, మిగతా నాలుగు. మొత్తం ఎనిమిది. లఘువుని చిటికెన వేలు నుంచి ఎంచడం తర్వాత నేర్పొచ్చు, ఇప్పుడు వాళ్ళ వేళ్ళు ఒకదాన్ని ఒకటి వదలవు.

పెద్దమ్మ: అది బావుంది. తకిట, తకధిమి లాంటి లయ మాటలు కూడా నడిపించే చెప్పు. స్వరం దగ్గర మాత్రం నేను దిగను.

తమ్ముడు: అసలు చిక్కు అక్కడే. టీవీలో విని "సా రే గా మా" అంటూ వస్తారు. వాళ్ళ రే మన చతుశ్రుతి రిషభం, స కి కాస్త ఎడంగా ఉండే రి. బడి హార్మోనియం మీద ఒకటి శ్రుతి పెట్టుకుని, అంటే C మెట్టుని స అనుకుని, తెల్లమెట్లన్నీ నొక్కుకుపోతే శంకరాభరణ రాగం, హిందూస్తానీ వాళ్ళ బిలావల్. నీ మాయామాళవగౌళ రి, ధ రెండూ నల్లమెట్ల మీదున్నాయి. అందుకే మోహన రాగంతో మొదలెడతాను. అయిదే స్వరాలు, ఏ రెండు స్వరాల మధ్యా ఇరుకు లేదు.

పెద్దమ్మ: ఆ ఇరుకే మేలురా. స పక్కనే ఉన్న శుద్ధ రి పట్టుకోవాలంటే స చెవిలో కదలకుండా నిలవాలి. పైగా స రి గ మ ఎంతెంత ఎడంతో ఎక్కావో ప ధ ని స అంతంత ఎడంతోనే. సగం వస్తే రెండో సగం వచ్చినట్టే.

తమ్ముడు: శంకరాభరణానికీ అంతే కదా.

పెద్దమ్మ: ...అంతే. (ఒప్పుకుంది, ఇష్టం లేకుండా.)

తమ్ముడు: గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళో పాఠాలు చెబుతూనే సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. నా క్లాసులో సవర పిల్ల కూడా తన ఇంటి పాటతోనే రావాలి.

పెద్దమ్మ: పంతులుగారు నోటిమాట దగ్గర ఆగారా? సవరకి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. మూడేళ్ళు నీ పాటలు పాడాక ఆ పిల్ల తను పాడింది స రి గ ల్లో చెప్పగలదా?

తమ్ముడు: ఏడాది గడువియ్యి.

పెద్దమ్మ: ఏడాదెందుకు? ఆ పిల్ల పాటే ఒకటి ఎంచు, నాలుగైదు స్వరాల్లో తిరిగేది. శనివారం నేనొస్తాను. తంబురా తెస్తాను, నీ హార్మోనియం మూసెయ్యి.

తమ్ముడు: నువ్వొస్తే సరళీలు మొదలెట్టేస్తావు.

పెద్దమ్మ: రెండు వరసలేరా. రెండే.