నిలువుగా దిగేవి, నిలువుగా లేచేవి కాదు

మన నేవీ విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విరాట్ మీద నుంచి సీ హారియర్ యుద్ధ విమానాలు నిలువుగా పైకి లేచేవని వ్యాసంలో రాశారు, అది పూర్తిగా నిజం కాదండీ. నేను గోవాలో, తర్వాత విరాట్ మీద ఆ విమానాలకు మెకానిక్‌గా పనిచేశాను, ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నాను. నిలువుగా లేవగలవు గానీ అలా లేవాలంటే ఇంధనం, ఆయుధాలు బాగా తగ్గించుకోవాలి, అందుకే డెక్ మీద కొంత దూరం పరుగెత్తి, చివర పైకి వంగి ఉండే స్కీ జంప్ అనే ర్యాంపు ఎక్కి గాల్లోకి వెళ్లేవి. దిగడం మాత్రం నిలువుగానే. అప్పుడు వాటి పెగాసస్ ఇంజిన్ నాలుగు నాజిల్స్, అంటే గాలి, వేడి వాయువులు బయటికి చిమ్మే గొట్టాలు, కిందికి తిరుగుతాయి, టర్బైన్ మరీ వేడెక్కకుండా ఇంజిన్‌లోకి నీళ్లు పంపుతారు, ఆ నీళ్లు సుమారు ఒకటిన్నర నిమిషానికే సరిపోతాయి. ఆ కాసేపూ డెక్ మీద మాకూ టెన్షనే.

ఇంజిన్ మార్చాలంటే ముందు రెక్క మొత్తం ఊడదీసి పైకెత్తాలి! ఎప్పుడు తెల్లారేదో తెలిసేది కాదు, కానీ మేం బిగించిన ఇంజిన్‌తో అది మళ్లీ ఎగిరితే ఆ సంతోషమే వేరు.

ఈ విమానాలు మన నేవీలోకి 1983లో వచ్చి 2016లో సెలవు తీసుకున్నాయి. వైజాగ్ వెళ్తే సీ హారియర్ మ్యూజియం ఉంది, పిల్లలకు ఆ నాజిల్స్ తప్పకుండా చూపించండి.