స్టిక్కర్‌కి కాదు, లోపలి రబ్బరుకి రేటు కట్టండి

పాత గేమ్ కంట్రోలర్ అమ్మేవాళ్ళ నోట ఒకటే మాట: "అన్నా, పక్కా ఒరిజినల్, కంపెనీ పీస్." హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో అయినా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అయినా, ఎర్రగడ్డ ఆదివారం సంతలో పట్టా మీద పోసిన కుప్పలో అయినా అదే పాట. కొనేవాళ్ళూ తక్కువేం కాదు. వెనక్కి తిప్పి చూస్తారు. 'మేడ్ ఇన్ చైనా' అని ఉంటే డూప్లికేట్ అని పక్కన పడేస్తారు, 'మేడ్ ఇన్ జపాన్' అని ఉంటే అడిగినంత చేతిలో పెడతారు. సోనీ సొంత ప్లేస్టేషన్ 2 కంట్రోలర్లు, అదే డ్యూయల్‌షాక్ 2ల మీద కూడా చైనా ముద్ర ఉంటుంది బాబూ! స్టిక్కర్ కొట్టించడం విజిటింగ్ కార్డు కొట్టించినంత తేలిక. ఇక దాన్ని చూసి ఏం తేలుతుంది?

ఒకే కంపెనీ, ఒకే మోడల్ నంబరు వేసుకున్న రెండు కంట్రోలర్లు లోపల వేర్వేరుగా ఉండొచ్చు. ఫ్యాక్టరీ మారుతుంది, అచ్చు అరుగుతుంది, ఖర్చు తగ్గించాలని బోర్డు డిజైన్ మారుస్తారు. పై ప్లాస్టిక్ మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి విప్పకుండా పాత కంట్రోలర్‌కి రేటు చెప్పేవాడూ, విప్పకుండా కొనేవాడూ ఇద్దరూ గుడ్డిగా బేరమాడుతున్నట్టే.

అసలు కంపెనీ చేసినంత మాత్రాన బాగుంటుందని ఎవరన్నారు? నింటెండో గేమ్ మిషన్ ఫామికామ్‌నే తీసుకోండి. 1983 జూలైలో జపాన్‌లో వచ్చిన తొలి బ్యాచ్‌లకి ఎ, బి బటన్లు చతురస్రంగా, మెత్తటి రబ్బరుతో ఉండేవి. వాడగా వాడగా అవి రంధ్రం అంచుల్లో ఇరుక్కుపోయేవి. ఆ తర్వాతే నింటెండో గుండ్రటి గట్టి ప్లాస్టిక్ బటన్లకి వెళ్ళింది. పైగా ఆ కంట్రోలర్ వైరు నేరుగా మిషన్ లోపలికే పోతుంది, బయట ప్లగ్గే లేదు. పాడైతే మిషన్ విప్పకుండా దాన్ని మార్చుకునే వీలు లేదు. ఇప్పుడు కలెక్టర్లు ఎగబడేది ఆ చతురస్రం బటన్లకే. అల్మారాలో పెట్టుకోవడానికైతే కొనుక్కోండి. ఆడుకోవడానికి గుండ్రటివే మేలు.

ఇప్పుడు డీ-ప్యాడ్. అదే, మనం చిన్నప్పటి నుంచీ ప్లస్ బటన్ అంటున్నది. నింటెండో డిజైనర్ గున్‌పేయ్ యోకోయ్ 1982లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ అండ్ వాచ్ డాంకీ కాంగ్ కోసం చేసిన ఆ ప్లస్ ఆకారపు బటన్‌లో ప్రాణమంతా కంటికి కనపడని ఒక్క చోట ఉంది. కింద, సరిగ్గా మధ్యలో చిన్న బుడిపె. బటన్ దాని మీదే ఊగుతుంది. ఎడమ వైపు వంగితే కుడి వైపు లేవాల్సిందే, అందుకే రెండూ ఒకేసారి తగలవు. క్లోన్ (నకలు) కంట్రోలర్లలో, చవక యూఎస్‌బీ ప్యాడ్లలో ఈ బుడిపె చాలాసార్లు పొట్టిగా ఉంటుంది, లేదా అసలే ఉండదు. నడిమధ్య నొక్కితే నాలుగు దిక్కులూ ఒకేసారి పడతాయి. ఎడమ, కుడి కలిసి వస్తాయని పాత గేములు రాసినవాళ్ళు అనుకోలేదు. నింటెండో గేమ్ జెల్డా 2లో ఆ రెండూ కలిపి పడితే హీరో అదుపు తప్పి స్క్రీన్ అంతా దూసుకుపోతాడు.

పరీక్ష చాలా సులువు. బొటనవేలు డీ-ప్యాడ్ మధ్యలో పెట్టి గట్టిగా నొక్కండి. ఏ బటన్ పడిందో చూపించే టెస్ట్ స్క్రీన్‌లో ఏ దిక్కూ పడకూడదు. తర్వాత కుడి వైపు నొక్కి పట్టి, వేలిని కొంచెం పైకీ కిందికీ దొర్లించండి. వెంటనే మూలకి పోతే ఆ ప్యాడ్‌తో ఫైటింగ్ గేమ్ ఆడలేరు. బుడిపె పొట్టిగా ఉంటే దాని కింద పల్చటి ప్లాస్టిక్ షీటు ముక్క గుండ్రంగా కత్తిరించి అంటించొచ్చు. మరీ పొడుగ్గా ఉండి మూలలు పడకపోతే సన్న ఎమరీ పేపర్ మీద రెండు మూడు రుద్దులు రుద్ది, బిగించి, మళ్ళీ చూడాలి. ఒక్కసారే అరగదీస్తే మళ్ళీ పెంచలేరు. మూలలు అతిగా పడుతుంటే బోర్డు మీది నాలుగు కాంటాక్టుల్లో ఒక్కోదాని అంచుని సన్నటి టేపుతో కప్పండి. అప్పుడు ఆ దిక్కు పడాలంటే కొంచెం ఎక్కువ నొక్కాలి.

రబ్బరు దగ్గరే మనవాళ్ళు ఘోరంగా మోసపోతారు. బటన్ కింద బుడగలాంటి రబ్బరు, దాని అడుగున నల్లటి కార్బన్ బొట్టు. నొక్కితే ఆ బొట్టు బోర్డు మీది రెండు గీతల్ని కలుపుతుంది. నొక్కనప్పుడు ఆ లైను వోల్టేజీని పైకి లాగి ఉంచే పుల్-అప్ రెసిస్టర్‌ని ఈ బొట్టు ఓడించగలగాలి. కార్బన్ అరిగినా, పైన జిడ్డు చేరినా రెసిస్టెన్స్ పెరుగుతుంది, సగం నొక్కుళ్ళు పడవు. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి రెండు ప్రోబ్‌లూ బొట్టు మీద కొంచెం దూరంగా ఆనించండి. కొన్ని వందల ఓమ్స్ లోపు వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. కిలో ఓమ్స్‌లోకి పోతే అది చివరి దశలో ఉంది. ఒక్క రీడింగ్ కన్నా అన్ని బొట్లనీ పోల్చి చూడడం ముఖ్యం. ఎ బటన్‌ది ఒకలా, బి బటన్‌ది పదింతలు వస్తే ఎక్కడ అరిగిందో తెలిసిపోయినట్టే.

కొత్త రబ్బరు వేశాం కదా అని నమ్మకండి. ఆన్‌లైన్‌లో దొరికే రబ్బరు సెట్లలో గట్టిదనం ఒక్కో బ్యాచ్‌కి ఒక్కోలా ఉంటుంది. కాసేపు ఆడితే బొటనవేలు నొప్పి పెట్టేవీ ఉన్నాయి, నొక్కాక పైకి రావడానికి బద్ధకించేవీ ఉన్నాయి. రబ్బరుకున్న రంధ్రాలు బాడీ లోపలి పిన్నుల మీద సరిగ్గా కూర్చోకపోతే బటన్ ఒక పక్కకి ఒరుగుతుంది. అది చూడ్డానికి స్క్రూలు తీయాల్సిందే.

ఇక మన రిపేరు షాపుల వైద్యం. పెన్సిల్ గ్రాఫైట్ రుద్దుతారు, కొన్ని రోజులు పనిచేసి రాలిపోతుంది. సిగరెట్ పెట్టె వెండి కాగితం బొట్టు మీద అంటిస్తారు, అది బోర్డు మీది కార్బన్ పూతని గీకేస్తుంది. థిన్నర్ పోస్తారు, ప్లాస్టిక్ మెరుపు పోయి తెల్లబారుతుంది. అన్నిటికన్నా దారుణం బోర్డు కాంటాక్టులకి ఎమరీ పేపర్ పెట్టడం. ఆ నల్లటి పూత మురికి కాదు నాయనా, అదే కాంటాక్టు! అది పోయి కింద రాగి బయటపడితే గాలి తగిలి ఆక్సైడ్ పడుతుంది, ఇక ఆ బోర్డు ఎప్పటికీ సతాయిస్తూనే ఉంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు వదలని గుడ్డ చాలు. కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, మల్టీమీటరూ అక్కడే చూసుకోవచ్చు.

90ల్లో మన ఇళ్ళలో టీవీ గేమ్ అంటే ఎక్కువగా ఫామికామ్ క్లోన్లే. అసలు నెస్ (ఫామికామ్ విదేశీ రూపం) కంట్రోలర్‌లో 4021 అనే 16 కాళ్ళ షిఫ్ట్ రిజిస్టర్ ఐసీ ఉంటుంది. ఎనిమిది బటన్ల స్థితిని ఒకదాని వెంట ఒకటి డేటా లైన్ మీద పంపుతుంది. కరెంటు, గ్రౌండ్, క్లాక్, లాచ్, డేటా, మొత్తం ఐదు వైర్లు. ఐసీ పోతే ఇంకోటి తెచ్చి టంకం వేసుకోవచ్చు. క్లోన్‌లో ఆ చోట చిప్‌ని కప్పేసిన నల్లటి ఎపాక్సీ ముద్ద ఉంటుంది. అది పోతే కంట్రోలర్ చెత్తబుట్టకే. ఇంకొక సంగతి: ఆ క్లోన్ల 9 పిన్నుల ప్లగ్, సెగా కంపెనీ మెగా డ్రైవ్ మిషన్ ప్లగ్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపల వైరింగ్ వేరు. పట్టింది కదా అని దూర్చకండి.

డ్యూయల్‌షాక్ 2లోకి వస్తే, బటన్ల కింద గట్టి బోర్డు బదులు పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటుంది, నొక్కే బలాన్ని కూడా అదే కొలుస్తుంది. తర్వాతి బ్యాచ్‌ల్లో ఆ ఫిల్మ్ తోక మెయిన్ బోర్డుకి కేవలం ఒత్తిడితో ఆనుకుని ఉంటుంది. ఒత్తే మెత్త కాలంతో పాటు అణిగిపోతుంది. అప్పుడు బటన్లు వాటంతటవే పడతాయి, లేదా గుంపుగా చచ్చిపోతాయి. ప్లేస్టేషన్ 3 కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 3లోనూ ఇదే రోగం. షాపులో 'బోర్డు పోయింది' అంటారు. స్క్రూలు విప్పి, ఆ మెత్త కింద మడిచిన కాగితం ముక్క పెట్టి బిగిస్తే చాలాసార్లు బాగవుతుంది. నకిలీని పట్టుకోవాలంటే వైబ్రేషన్ మోటార్లు చూడండి. అసలుదాంట్లో ఎడమది పెద్దది, కుడిది చిన్నది. రెండూ ఒకే సైజైనా, ఒక్కటే ఉన్నా ఇక మాట్లాడాల్సిన పనిలేదు. ప్లేస్టేషన్ 2లో కార్ రేస్ గేమ్ గ్రాన్ టురిస్మో 3 పెట్టి ఎక్స్ బటన్‌ని మెల్లగా నొక్కండి. కారు మెల్లగా కదలకుండా ఒక్కసారే ఉరికితే అదీ తేలిపోయినట్టే.

నింటెండో 64 స్టిక్ గురించి ఒక్క ముక్క. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ రాసుకునే డిజైన్ అది, అసలుదే అరిగి తెల్లటి పొడి రాలుస్తుంది. దానికన్నా రెండేళ్ళ తర్వాత వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ స్టిక్ అయస్కాంతంతో, దాన్ని తాకకుండానే పసిగట్టే హాల్ సెన్సర్‌తో పనిచేస్తుంది, సెన్సర్‌లో రాపిడే లేదు. రెండూ పక్కా కంపెనీ సరుకే మరి!

చివరగా 'రిఫర్బిష్డ్' బాపతు. పాత బోర్డుని కొత్త బాడీలో పెట్టి ఎక్కువ రేటుకి అమ్ముతున్నారు. కొత్త బాడీలో రంధ్రాలు వెంట్రుకవాసి బిగుతుగా ఉన్నా బటన్ ఇరుక్కుంటుంది. అతుకు దగ్గర గోరు పెట్టి లాగి చూడండి, గోరు దిగితే అది కంపెనీ బాడీ కాదనే నా లెక్క. వైరు బయటికొచ్చే చోట లోపల దాన్ని పిన్నుల మధ్య మెలికలు తిప్పి ఉండాలి. ఉత్త ముడి వేసి వదిలేశారంటే లాగుడంతా టంకం మీదే పడుతుంది.

విప్పినవాళ్ళు మూసేటప్పుడు స్క్రూని ముందు వెనక్కి తిప్పండి. 'టిక్' మని పాత గాడిలో పడ్డాక బిగించండి. నేరుగా బిగిస్తే ప్లాస్టిక్‌లో కొత్త గాడి పడి, రెండు మూడుసార్లకి స్క్రూ ఊరికే తిరుగుతుంది. కొనేటప్పుడు స్క్రూ ఇలా ఊరికే తిరుగుతుంటే లోపల ఎవరో చాలాసార్లు చెయ్యి పెట్టారన్నమాట. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకునే వెళ్ళండి. "విప్పితే గ్యారెంటీ పోతది అన్నా" అనే షాపాయన ముప్పై ఏళ్ళ నాటి సరుకుకి ఏ గ్యారెంటీ ఇస్తాడో బిల్లు మీద రాసిమ్మనండి. రాయకపోతే డూప్లికేట్ రేటు చెప్పండి, ఒప్పుకుంటే తీసుకోండి.